ఎముకల కుప్పలో లేనివాటి లెక్క

పురావస్తు తవ్వకంలో ఎముకల కుప్ప బయటపడితే, అది అప్పటి మనుషులు తిని పారేసిన మిగులు అని చాలామంది అనుకుంటారు. కానీ మనిషి చేతి నుంచి జారిన ఎముకకూ, వేల ఏళ్ల తర్వాత పారకు తగిలిన ఎముకకూ మధ్య చాలా నోళ్లు ఉంటాయి. మనుషులు అక్కడి నుంచి కదిలిన రాత్రే తోడేలో, నక్కో, కుక్కో వచ్చి కొవ్వున్న భాగాలను కొరికి పోతుంది. దుమ్ములగొండి, అంటే హైనా, మిగిలినవాటిని పగలగొట్టి కొన్ని మింగుతుంది, కొన్ని తన గుహకు మోసుకుపోతుంది. నెలల తరబడి ఎండి పాలిపోయిన ముక్కలను ముళ్లపంది గీకుతుంది. ఇదంతా ముగిశాక మట్టి దేన్ని కప్పిందో అదే మనకు దొరుకుతుంది.

ప్రాణి చనిపోయిన క్షణం నుంచి దాని అవశేషం మన చేతికి వచ్చేదాకా జరిగే మార్పులను చదివే శాస్త్రానికి టాఫోనమీ అని పేరు. 1940లో ఈ పేరు పెట్టినవాడు సోవియట్ శిలాజ శాస్త్రవేత్త ఇవాన్ ఎఫ్రెమోవ్. ఆయన సైన్స్ ఫిక్షన్ రచయిత కూడా. కళేబరాలు తినే జంతువులు ఎముకలకు ఏం చేస్తాయి అనగానే పంటి గాట్ల ఫొటోలే ముందుకు వస్తాయి. గాట్లు ముఖ్యమే, వాటి దగ్గరకూ వద్దాం. అయితే కొరికిన ఎముక కనీసం కొరికినట్టు చెబుతుంది. మింగేసిన ఎముక ఏమీ చెప్పదు. చరిత్రను ఎక్కువగా తప్పుదారి పట్టించినవి గాట్లు కావు, కుప్పలో లేకుండా పోయిన ఎముకలు.

ఈ ఆలోచనకు వయసు తక్కువేమీ కాదు. 1821లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో కిర్క్‌డేల్ దగ్గర రాళ్లు కొట్టే పనివాళ్లకు ఒక గుహ తగిలింది. లోపల ఏనుగు, ఖడ్గమృగం, నీటి ఏనుగు, దుమ్ములగొండి ఎముకలు కుప్పలుగా ఉన్నాయి. చలిదేశంలోకి ఉష్ణదేశపు జంతువులు ఎలా వచ్చాయంటే, నోవహు కాలపు జలప్రళయం కొట్టుకొచ్చిందని చెప్పడం ఆనాటి వాడుక. ఆక్స్‌ఫర్డ్ భూగర్భ శాస్త్రవేత్త విలియం బక్‌లాండ్ ఎముకలను దగ్గరగా చూసి వేరే మాట అన్నాడు. గుహ ద్వారం అంత పెద్ద జంతువులు పట్టేంత లేదు. ఎముకలన్నీ ముక్కలే, వాటి మీద పంటి గుర్తులు ఉన్నాయి. పైగా అరిగిన ఎముక పొడితో నిండిన తెల్లటి మలం గడ్డలూ దొరికాయి. అది దుమ్ములగొండ్ల గుహ, ఎముకలను ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చింది అవేనని ఆయన తేల్చాడు.

అక్కడితో ఆగకపోవడమే బక్‌లాండ్ గొప్పతనం. ఊరూరా తిరిగే జంతు ప్రదర్శనలో ఉన్న ఒక బతికున్న దుమ్ములగొండికి ఎద్దు కాలి ఎముక వేయించి, అది తినే తీరును గమనించాడు. అది ఏ చివర నుంచి మొదలుపెట్టింది, ఏ భాగాన్ని మింగింది, దేన్ని వదిలేసింది అని చూసి, వదిలేసిన ముక్కలను గుహలోని ముక్కల పక్కన పెట్టాడు. రెండూ సరిపోయాయి. 1822లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. బతికున్న జంతువు చేసే పనిని చూసి చచ్చిన జంతువు చేసిన పనిని గుర్తించడం అనే పద్ధతి అలా రెండు వందల ఏళ్ల కిందటే మొదలైంది. ఆ తర్వాత దాదాపు ఒక శతాబ్దంన్నర పాటు చాలామంది దాన్ని మరిచిపోయారు, అది వేరే సంగతి.

జంతువు ఎముకను ఎక్కడ కొరుకుతుందో తెలియాలంటే తిండి ఎముకలో ఎక్కడ ఉందో తెలియాలి. కాళ్లలోని పొడవాటి ఎముకను తీసుకుందాం. దాని నడిమి భాగం మందమైన గట్టి గొట్టం. లోపల మూలుగ ఉంటుంది. కీళ్లకు అతికే రెండు చివరలు పైకి నునుపుగా కనిపించినా లోపల గుల్ల గుల్లగా ఉంటాయి, ఆ గుల్లల నిండా కొవ్వు ఉంటుంది. రాతి పనిముట్లు మాత్రమే ఉన్న మనిషి నడిమి గొట్టాన్ని రాయితో కొట్టి మూలుగ తీసుకుంటాడు. చివరల్లోని కొవ్వు తీయాలంటే వాటిని నలగ్గొట్టి నీళ్లలో మరిగించాలి. అంత శ్రమ పడకపోతే చివరలను అలాగే పారేస్తాడు. కుక్కకూ తోడేలుకూ దుమ్ములగొండికీ కావలసింది సరిగ్గా ఆ చివరలే. పళ్లకు లొంగేంత మెత్తన, లోపల నిండా కొవ్వు. పగిలిన గొట్టం ముక్కల్లో మాత్రం వాటికి తినడానికి ఏమీ మిగలదు. అందుకే మనిషి పారేసిన కుప్ప మీద జంతువు పడినప్పుడు చివరలు మాయమై, గొట్టం ముక్కలు మిగులుతాయి. వెన్నుపూసలు, పక్కటెముకలు, మడమ దగ్గరి చిన్న ఎముకలు కూడా చివరల దారే పడతాయి. మొత్తం వ్యవహారంలో ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగిలిన వివాదాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

వాటిలో అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నది రేమండ్ డార్ట్ వివాదం. 1924లో దక్షిణాఫ్రికాలో బయటపడిన టాంగ్ శిశువు పుర్రెను మానవ పరిణామంలో కీలకమైన కొత్త జాతిగా గుర్తించిన శాస్త్రవేత్త ఆయనే. తర్వాతి దశాబ్దాల్లో మకపాన్స్‌గాట్ గుహలోని వేలాది శిలాజ ఎముకలను లెక్కపెట్టాడు. లెక్క వింతగా వచ్చింది. జింకజాతి జంతువుల దవడలు, కొమ్ములు బాగా ఉన్నాయి. ముందుకాలి పై ఎముకలో మోచేతి వైపు చివరలు కుప్పలుగా ఉన్నాయి, భుజం వైపు చివరలు చాలా తక్కువ. తోక ఎముకలు లేనే లేవు. ఇంత ఏకపక్షంగా ఎముకలు చేరాయంటే ఎవరో కావాలని ఏరుకుని ఉండాలని డార్ట్ భావించాడు. ఆస్ట్రలోపితెకస్, అంటే టాంగ్ శిశువు వర్గానికి చెందిన మనిషి పూర్వీకులు, మోచేతి చివరలను గదల్లా, దవడలను రంపాల్లా, కొమ్ములను పొడిచే ఆయుధాల్లా వాడారని, తోకలను కొరడాల్లా పట్టుకుని బయటకు తీసుకెళ్లి ఉండవచ్చని రాశాడు. ఎముక, పన్ను, కొమ్ముల సంస్కృతి అని దానికో పేరూ పెట్టాడు. మన పూర్వీకులు పుట్టుకతోనే హంతకులు అనే కథ ఆ లెక్కలోంచే పుట్టి చాలా దూరం పోయింది.

డార్ట్ లెక్క తప్పు కాదు. తప్పంతా ఆ లెక్కకు ఇచ్చిన వివరణలో ఉంది. ఆ సంగతి తేల్చిన శిలాజ శాస్త్రవేత్త బాబ్ బ్రెయిన్ అనుసరించిన దారి చాలా సాదాసీదాది. 1960లలో నమీబ్ ఎడారిలో క్విసెబ్ నది వెంట ఉన్న ఖోయిఖోయి పశుపాలకుల ఊళ్లలో, తిని పారేసిన మేక ఎముకలను ఆయన సేకరించాడు. అక్కడ మాంసమంటే దాదాపు మేక మాంసమే. మనుషులు తిని పారేస్తారు, కుక్కలు కొరుకుతాయి, మిగిలింది ఎండలో పడి ఉంటుంది. ఏ ఎముకనూ ఎవరూ ఆయుధంగా ఏరుకోరు. అయినా ఆయన లెక్కలో మోచేతి వైపు చివరలు చాలా ఉన్నాయి, భుజం వైపు చివరలు దాదాపు లేవు. తోకలూ లేవు. మకపాన్స్‌గాట్ వరుసే ఇక్కడా వచ్చింది.

కారణం మేక ఒంట్లోనే ఉంది. ముందుకాలి ఆ ఎముకలో మోచేతి వైపు చివర దట్టంగా ఉంటుంది, మేక చిన్నగా ఉన్నప్పుడే నడిమి గొట్టంతో అతుక్కుని గట్టిపడుతుంది. భుజం వైపు చివర గుల్లగా ఉంటుంది, ఆలస్యంగా అతుక్కుంటుంది. లేత వయసులో కోసిన మేకలో అది కుక్క నోట్లో నలిగిపోతుంది. ఏ ఎముక మిగులుతుందన్నది ఎవరో ఎంచుకున్నదాని మీద కాకుండా ఆ ఎముక సాంద్రత మీద ఆధారపడి ఉంటుంది. కొరడాలుగా మారాయనుకున్న తోకలు అసలు గుహదాకా వచ్చాయో లేదో కూడా చెప్పలేం. వచ్చి ఉన్నా అంత సన్నని ఎముకలు మాంసాహారి కడుపులోకి పోవడానికి క్షణం చాలు.

బ్రెయిన్ తర్వాత దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహను ఏళ్ల తరబడి తవ్వాడు. అక్కడ దొరికిన ఒక పిల్ల హోమినిన్ (మనిషి వంశపు ప్రాచీన జీవి) పుర్రె పైభాగంలో రెండు బెజ్జాలున్నాయి. వాటి మధ్య దూరం చిరుతపులి కింది కోరల మధ్య దూరంతో సరిపోయింది. ఆ ప్రాంతంలో సున్నపురాతి గుహల నోళ్ల దగ్గర చెట్లు పెరుగుతాయి, చిరుతలు వేటను చెట్టెక్కించి తింటాయి, జారిన ఎముకలు గుహలోకి పడతాయి. వేటగాళ్లనుకున్నవాళ్లు వేటగా తేలారు. టాంగ్ శిశువు విషయంలోనూ అలాంటిదే జరిగింది. 1995లో లీ బర్గర్, రాన్ క్లార్క్ ఆ శిశువును పెద్ద గద్ద చంపి ఉంటుందని సూచించారు. ఆఫ్రికా కిరీటపు గద్దలు కోతుల పుర్రెల మీద వదిలే గుర్తులను పోల్చి చూసి, అలాంటివే శిశువు కంటి గుంటల్లోనూ ఉన్నాయని 2006లో బర్గర్ చూపించాడు. డార్ట్ కీర్తి పొందిన పుర్రె మీదే ఆయన సిద్ధాంతానికి ఎదురుసాక్ష్యం ఉండటం చరిత్ర చేసిన చిన్న వెటకారం.

రెండో పెద్ద వివాదం ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే ఇందులో జంతువులతో పాటు పురావస్తు శాస్త్రవేత్తలూ దోషులే. దక్షిణాఫ్రికా దక్షిణ తీరంలోని క్లాసీస్ నది ముఖద్వారం గుహల్లో 1967, 68లలో తవ్వకాలు జరిగాయి. దాదాపు 1,20,000 ఏళ్ల కిందటి నుంచి 60,000 ఏళ్ల కిందటి దాకా మనుషులు అక్కడ ఉన్నారు. ఆ ఎముకలను పరిశీలించిన అమెరికా పురావస్తు శాస్త్రవేత్త లూయిస్ బిన్‌ఫర్డ్ 1984లో ఒక పెద్ద మాట అన్నాడు: పెద్ద జంతువుల తలలు, పాదాల ఎముకలు ఎక్కువగా ఉన్నాయి, మాంసం నిండిన తొడలు, జబ్బల ఎముకలు తక్కువ ఉన్నాయి. వేటగాడైతే మంచి మాంసం ఇంటికి తెస్తాడు. తలా పాదాలూ తెచ్చుకున్నారంటే సింహాలూ దుమ్ములగొండ్లూ తిని వదిలేసినవి ఏరుకున్నారన్నమాట. అంటే ఆనాటి మనుషులకు పెద్ద జంతువులను వేటాడే సత్తా లేదు. యూరప్, పశ్చిమాసియాల్లో నియాండర్తల్‌లు, అంటే మనకు దగ్గరి బంధువులైన, అంతరించిపోయిన మానవులు, ఉన్న గుహల్లోనూ ఇలాంటి తలా పాదాల వరుసే కనిపించడంతో, వాళ్లనూ ఎంగిలి ఏరుకునేవాళ్ల జాబితాలో చేర్చారు కొందరు.

తొడ ఎముకలు తక్కువ ఉన్నాయన్నది ఎలా తెలిసింది? ఎముక చివరలను లెక్కపెట్టి. ఏ ఎముకో, ఏ జంతువుదో పోల్చుకోవడానికి కీలు చివరే సులువు కాబట్టి చాలా కాలం అదే పద్ధతి నడిచింది. గొట్టం ముక్కలు గుర్తుపట్టడం కష్టమని పక్కన పెట్టేవారు. క్లాసీస్‌లో తవ్వినవాళ్లు వాటిలో చాలావాటిని అక్కడే పారేశారు కూడా. ఇప్పుడు ఎముక నిర్మాణాన్ని గుర్తు చేసుకుంటే చిక్కు ఎక్కడుందో కనిపిస్తుంది. తొడ ఎముక చివరలు దుమ్ములగొండి కడుపులోకి పోయాయి, గొట్టాలు శాస్త్రవేత్తల చెత్తబుట్టలోకి పోయాయి. తలలో పళ్లూ దవడా గట్టివి, పాదాల్లో కొన్ని ఎముకలు దట్టమైనవి, అవి మిగిలాయి. వాటిని చూసి పాపం వీళ్లకు వేట రాదని తేల్చారు.

పురావస్తు శాస్త్రవేత్త కర్టిస్ మరీన్ ఈ ముడిని ప్రయోగంతో విప్పాడు. బర్క్‌లీలో పెంపకంలో ఉన్న మచ్చల దుమ్ములగొండ్లకు ఆయన బృందం రాయితో పగలగొట్టి మూలుగ తీసిన గొర్రె ఎముకలు వేసింది. మొదట ఎన్ని ఎముకలు వేశారో తెలుసు, తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కించారు. చివరలను బట్టి లెక్కిస్తే కాలి ఎముకల సంఖ్య కుప్పకూలింది. గొట్టం నడిమి ముక్కలను ఓపికగా జతచేసి లెక్కిస్తే అసలు సంఖ్యకు దగ్గరగా వచ్చింది. 1991లో వెలువడిన ఈ ఫలితాన్ని పట్టుకుని మరీన్, ఇరాన్‌లో జాగ్రోస్ కొండల్లోని కోబే గుహ ఎముకలను మళ్లీ చూశాడు. అక్కడ తవ్వినవాళ్లు అదృష్టవశాత్తు గొట్టం ముక్కలను పారేయలేదు. వాటిని చేర్చి లెక్కించగానే మాంసమున్న కాలి ఎముకలు బోలెడు కనిపించాయి. ఆ ముక్కల మీద మాంసం కోసిన రాతి గీతలూ ఉన్నాయి. నియాండర్తల్‌లు మంచి మాంసం ముందుగా దక్కించుకున్న వేటగాళ్లుగా తిరిగి నిలబడ్డారు. ఒక జాతి తెలివితేటల మీద దశాబ్దాల పాటు జరిగిన వాదనలో కొంత భాగం, ఏ ముక్కను సంచిలో వేసుకోవాలన్న చిన్న నిర్ణయం మీద నడిచిందన్నమాట. నాకు ఈ కథ డార్ట్ కథకన్నా ఎక్కువ భయపెట్టేదిగా అనిపిస్తుంది. డార్ట్ ఊహ దూకుడైనది కాబట్టి త్వరగానే అనుమానం వచ్చింది. ఇక్కడ పొరపాటు పద్ధతిలోనే దాక్కుంది.

అదే ఎముక నిర్మాణం ఇంకో ప్రశ్నకూ జవాబు ఇస్తుంది: ఎవరు ముందు తిన్నారు? టాంజానియాలోని ఓల్డువై లోయలో మేరీ లీకీ 1959లో జింజాంత్రోపస్ (క్లుప్తంగా జింజ్) అనే ప్రాచీన హోమినిన్ పుర్రె కనుగొన్న చోట, దాదాపు 18 లక్షల ఏళ్ల నాటి రాతి పనిముట్లు, వేలాది ఎముక ముక్కలు కలిసి దొరికాయి. 1981లో ఆ ఎముకల మీద రాతి పనిముట్ల కోత గీతలున్నాయని ఒకే ఏడాది రెండు పరిశోధనలు చూపించాయి. పంటి గుర్తులూ ఉన్నాయి. అంటే మనిషి పూర్వీకులూ, మాంసాహారులూ ఇద్దరూ వచ్చారు. వరుస మాత్రం తెలియదు.

రాబర్ట్ బ్లూమన్‌షైన్ తూర్పు ఆఫ్రికా మైదానాల్లో ప్రయోగాలు చేశాడు. మాంసాహారులే మొదట ఎముకను పగలగొట్టి మూలుగ తింటే, గొట్టం ముక్కల్లో అత్యధిక భాగం మీద పంటి గుర్తులు పడతాయి. మనిషి ముందే రాయితో పగలగొట్టి మూలుగ తీసేసి ఉంటే, ఖాళీ గొట్టం ముక్కల జోలికి జంతువు పెద్దగా రాదు. పదింట ఒకటి రెండు ముక్కల మీదే గుర్తులుంటాయి. కాబట్టి గొట్టం ముక్కలను చూస్తే క్రమం తెలుస్తుంది. జింజ్ ఎముకల్లో పంటి గుర్తుల వాటా ఎక్కువగా ఉందని, సింహాలో చిరుతలో తిన్నాక మిగిలినవి మన పూర్వీకులు తిన్నారని, వాళ్లు పోయాక దుమ్ములగొండ్లు వచ్చాయని బ్లూమన్‌షైన్ వాదించాడు. మాన్యుయెల్ డొమింగెజ్ రొడ్రిగో బృందం అవే ఎముకలను మళ్లీ చూసి, పంటి గుర్తులుగా లెక్కించినవాటిలో చాలా భాగం వేళ్లూ, శిలీంధ్రాలూ, సూక్ష్మజీవులూ మట్టిలో తొలిచిన గీతలేనని, నిజమైన పంటి గుర్తుల వాటా చాలా తక్కువని చెప్పింది. వాళ్ల లెక్క ప్రకారం మాంసం ముందు దక్కింది మనిషి పూర్వీకులకే. ఒకే ఎముకలు, ఒకే ప్రయోగ సూత్రం, రెండు వ్యతిరేక ఫలితాలు. తేడా అంతా సూక్ష్మదర్శిని కింద ఒక మసక గుంటను ఏమని పిలిచారన్న దగ్గరే ఉంది. కోత గీతలు మాంసం మందంగా ఉండే చోట్ల పడ్డాయి కాబట్టి నా మొగ్గు రెండో పక్షం వైపే. అయినా మొదటి పక్షం వాదన ఇంకా చచ్చిపోలేదు.

ఇక గుర్తుల సంగతి. కుక్కజాతి జంతువులు కొరికితే గుల్ల భాగంలో బెజ్జాలు, గట్టి భాగం మీద చిన్న గుంటలు, ఎముకకు అడ్డంగా సాగిన గీతలు పడతాయి. పంటి గీత అడుగున గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. రాతి అంచుతో కోసిన గీత అడుగున సన్నగా, లోపల మరింత సన్నని చారలతో ఉంటుంది. రెండు చివరలూ తినేస్తే మిగిలేది వేణువు లాంటి గొట్టం. మచ్చల దుమ్ములగొండి దవడ దట్టమైన ఎముకనూ పగలగొడుతుంది, కడుపులోని ఆమ్లం మింగిన ముక్కలను కరిగిస్తుంది. అరగనివాటిని అది కక్కేస్తుంది. వాటి అంచులు కత్తిలా పలచబడి, ఉపరితలం మెరుగు పెట్టినట్టు నునుపుగా, అక్కడక్కడా గుండ్రటి బెజ్జాలతో ఉంటుంది. అలాంటి ముక్కలను ఆదిమానవులు చేసిన లోలకాలనో, చెక్కిన వస్తువులనో కొన్నిచోట్ల పొరబడ్డారని ఫ్రాన్చెస్కో డెరికో, పావోలా విల్లా 1997లో చూపించారు. ఆమ్లం కూడా కళాకారుడిగా చెలామణి అయిందన్నమాట. ఎముకలనే ప్రధాన ఆహారంగా చేసుకున్న గడ్డపు రాబందు కూడా ఇలాంటి పనే చేస్తుంది; పెద్ద ఎముకలను ఎత్తు నుంచి రాళ్ల మీదకు జారవిడిచి పగలగొట్టి మింగుతుంది.

మొసలిది వేరే తీరు. దానికి నమలడం రాదు, పట్టుకుని విదిలించి ముక్కలు మింగుతుంది. దాని పదునైన పంటి అంచు వల్ల కొన్ని గుంటల మధ్యలో చీలిక పడుతుంది, అదే దాని ప్రత్యేక గుర్తు. నీటి ఒడ్డున ఉన్న స్థలాల్లో మొసలి గీతలనూ రాతి కోత గీతలనూ విడదీయడం నిజంగానే కష్టం. ఇథియోపియాలోని దికికాలో 34 లక్షల ఏళ్ల కిందటి ఎముకల మీద రాతి కోత గీతలున్నాయని 2010లో ప్రకటించగానే, గిట్టల కింద నలిగిన గుర్తులని ఒకరు, మొసలి పళ్లని తర్వాత మరొకరు అభ్యంతరం చెప్పారు.

మాంసంతో ఏ సంబంధమూ లేని జంతువులూ ఎముకల్లో వేలు పెడతాయి. ముళ్లపంది ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీయడానికీ ఖనిజాల కోసమూ అది ఎముకలను గీకుతుంది. పక్కపక్కన బల్లపరుపుగా పడిన జంట గాడులు దాని పని. దానికి పచ్చి ఎముకకన్నా ఎండి కొవ్వు పోయిన ఎముకే ఇష్టం. అందుకే ఆ గాడులు కాలాన్నీ చెబుతాయి: ఈ ఎముక కొన్నాళ్లు నేల మీద ఎండాకే బొరియలోకి చేరింది అని. ఫాస్ఫరస్ చాలని చోట జింకలు కూడా ఎముకలను నోట్లో అడ్డంగా పెట్టుకుని నములుతాయి. చివర రెండుగా చీలిన పంగలా మిగులుతుంది. అవి మనుషులు చెక్కిన పనిముట్లలా కనిపిస్తాయని 1973లోనే ఆంటొనీ సట్‌క్లిఫ్ హెచ్చరించాడు.

స్లొవేనియాలోని దివ్యే బాబే గుహలో 1995లో దొరికిన గుహ ఎలుగుబంటి పిల్ల తొడ ఎముక ఈ చిక్కులన్నిటికీ ప్రచార చిహ్నం లాంటిది. రెండు చివరలూ పోయిన గొట్టం, దాని మీద వరుసలో రెండు గుండ్రటి బెజ్జాలు. నియాండర్తల్ వేణువు అని తవ్విన బృందం అంటే, చివరలు తినేసి కోరలు దించిన మాంసాహారి పని అని ఇతరులన్నారు. వరుస తీరుగా ఉండటం చూసి మురిసిపోవడం సహజం. అయితే ఎలుగుబంట్లు, మాంసాహారులు తిరుగాడిన గుహలో గుల్లగా ఉన్న పిల్ల ఎముకకు బెజ్జాలు పడటంలో వింత ఏమీ లేదు. ఇటలీలోని గ్వత్తారీ గుహ మరో ఉదాహరణ. 1939లో అక్కడ దొరికిన నియాండర్తల్ పుర్రె చుట్టూ రాళ్లు వలయంగా ఉన్నాయని, అడుగున రంధ్రం పెద్దది చేసి ఉందని చెప్పి నరమాంస భక్షణ కర్మకాండ అల్లారు. తర్వాతి పరిశీలనలో కోత గీత ఒక్కటీ కనబడలేదు, గుహ మాత్రం దుమ్ములగొండ్ల స్థావరంగా తేలింది. 2021లో అదే గుహలో మరికొందరు నియాండర్తల్‌ల అవశేషాలు దొరికాయని ప్రకటించినప్పుడు, వాళ్లను లోపలికి ఈడ్చింది దుమ్ములగొండ్లేనని మొదటి రోజునే చెప్పారు. ఎనభై ఏళ్లలో వచ్చిన మార్పు అది.

ఇంతవరకూ చదివితే జంతువులు సాక్ష్యం చెరిపేసే దొంగలని అనిపించవచ్చు. చాలాసార్లు అవే సాక్షులు. జోర్డాన్ ఈశాన్యంలోని షుబైకా 6 అనే చోట, 11,500 ఏళ్ల కిందటి ఊరిలో, ఆమ్లంలో కరిగిన గుర్తులున్న జంతువుల ఎముకలు చాలా దొరికాయి. ముక్కలు మనిషి మింగలేనంత పెద్దవి. కుక్కల అస్థిపంజరాల కోసం చూడకుండానే, మనుషులు ఉన్న చోటే, వాళ్లు ఉన్నప్పుడే కుక్కలు తిరిగాయని 2019లో పరిశోధకులు తేల్చారు. సౌదీ అరేబియా వాయవ్యంలో లావా ప్రవాహం మిగిల్చిన ఉమ్ జిర్సాన్ సొరంగంలో చారల దుమ్ములగొండ్లు దాదాపు 7,000 ఏళ్ల పాటు ఒంటెలు, గుర్రాలు, జింకలు, పశువుల ఎముకలను, మనుషుల పుర్రె పైభాగాలను కూడా చేరవేశాయి. ఎముకలు త్వరగా శిథిలమయ్యే ఎడారిలో ఆ ప్రాంత జంతుజాలం చరిత్రను భద్రపరిచింది మనిషి కాదు.

సమాధుల విషయంలోనూ ఇంతే. కుక్కలూ తోడేళ్లూ బయట పడిన మానవ శరీరాన్ని ఒక క్రమంలో తింటాయని విలియం హాగ్లండ్ బృందం 1989లో వర్గీకరించింది: మొదట మెత్తటి భాగాలు, తర్వాత ఛాతీ ముందుభాగంతో పాటు చేతులు, తర్వాత కాళ్లు, చివరికి వెన్నెముక కూడా విడిపోయి చెల్లాచెదరవుతుంది. నేరాల దర్యాప్తు కోసం చేసిన ఈ పని పురావస్తు శాస్త్రానికీ పనికొచ్చింది. ఒక పురాతన సమాధిలో చేతులు లేకుండా వెన్నెముక వరుస చెదరకుండా ఉంటే, కర్మకాండో శిక్షో అనే ముందు, పూడ్చే ముందు శరీరం కొన్నాళ్లు బయట ఉందేమో అని అడగాలి.

అన్ని ప్రశ్నలకూ ఎముకలు సమాధానం ఇవ్వవు. పంటి గుంట పరిమాణాన్ని కొలిచి ఏ జంతువో చెప్పవచ్చని ఒకప్పుడు ఆశపడ్డారు. చిన్న జంతువునూ పెద్ద జంతువునూ వేరు చేయగలం గానీ, సింహాన్నీ దుమ్ములగొండినీ గుంట కొలతతో మాత్రమే విడదీయడం కుదరలేదు, పరిమాణాలు ఒకదానిలోకి ఒకటి జొరబడతాయి. గుల్ల ఎముకలు లేకపోవడానికి మాంసాహారులే కారణమనీ అనలేం, ఆమ్లగుణమున్న నేలా అదే పని చేస్తుంది. అందుకే జాగ్రత్తపడే పరిశోధకులు ఇప్పుడు ఎముకలను రెండు తరగతులుగా చూస్తారు. దుమ్ములగొండికీ నేలకూ చాలావరకు తట్టుకునేవి: కాలి ఎముకల గొట్టాలు, దవడలు, పుర్రెలోని దట్టమైన భాగాలు. తట్టుకోలేనివి: వెన్నుపూసలు, పక్కటెముకలు, చిన్న పాదపు ఎముకలు, కీలు చివరల్లో చాలా. మనుషులు ఏ మాంసం తెచ్చుకున్నారన్న ప్రశ్నకు మొదటి తరగతినే నమ్మాలని, రెండో తరగతి సంఖ్యలను ఏ జంతువు ఎంత తినేసిందో తెలుసుకోవడానికి వాడాలని మరీన్, నవోమీ క్లెగ్‌హోర్న్ ప్రతిపాదించారు. గొట్టం ముక్కలను జల్లెడ పట్టి దాచిన తవ్వకాలకు ఆ పద్ధతి వర్తిస్తుంది. క్లాసీస్ లాగా వాటిని గట్టు మీదే వదిలేసి వచ్చిన పాత తవ్వకాల ఎముకలతో మాత్రం, మనుషులు మాంసమున్న కాళ్లు తెచ్చుకున్నారా లేదా అనే వాదనను ఏ వైపూ తేల్చలేం.